పన్నెండు పీపాల లెక్క

చుక్క మేస్త్రి అనగానే కొత్తవాళ్ళు ఆయన్ని తాగుబోతు అనుకుంటారు. పాపం, ఆయన పుట్టి బుద్ధెరిగాక మందు ముట్టిన మనిషి కాదు. ముప్ఫై మూడేళ్ళ కిందట, తన చేత్తో కట్టిన మొదటి పెద్ద పడవని నీళ్ళలోకి దించిన రోజున, రేవులో ఉన్న నలుగురి ముందూ రొమ్ము విరుచుకుని, "లోపలికి ఒక్క చుక్క నీళ్ళొచ్చాయంటే నన్ను పేరు మార్చి పిలవండి" అన్నాడు. చుక్క రాలేదు. అయినా జనం ఊరుకుంటారా, పేరు మార్చేశారు. ఆయన పైకి విసుక్కున్నాడు గానీ లోలోపల మురిసిపోయాడు. పడవలు కట్టే వడ్రంగికి అంతకంటే పెద్ద బిరుదేముంటుంది చెప్పండి.

ఆ పడవ బావది. అంటే అక్క మొగుడిది. బావ సరంగు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మిల్లు పనివాళ్ళని, సైకిళ్ళని, కూరల బుట్టల్ని, బడిపిల్లల్ని దాటించడం ఆయన పని. అక్క మెడలో తోలుసంచీ తగిలించుకుని, ఎక్కేవాళ్ళ దగ్గర టిక్కెట్టు డబ్బులు వసూలు చేసేది. డబ్బులివ్వకుండా పడవ ఎక్కినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు, ఆవిడ నోరు అలాంటిది.

పడవ కట్టడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ మేస్త్రికి నిద్రపట్టకపోతే ఆ పద్నాలుగు నెలలే నెమరేసుకుంటాడు. రేకుల షెడ్డు, ఒక పక్క రంపపు పొట్టు గుట్ట, ఇంకో పక్క పలకల్ని మెత్తబరిచే ఆవిరి పెట్టె. పెట్టెలోంచి తీసిన పలకని చల్లారేలోగా వంచి బిగించాలి. ఆ చివర బావ, ఈ చివర తను, మధ్యలో అక్క, ముగ్గురూ చేతులకి గోనెపట్టాలు చుట్టుకుని ఉరుకులు పరుగులు. "బావమరిది పడవ కడుతుంటే బావ కూలీ అయ్యాడు చూడండి, కలికాలం" అని సరంగు సణిగేవాడు. కూలీ కాస్త ఒళ్ళు వంచి ఉంటే పని ఎప్పుడో అయ్యేదని మేస్త్రి అంటించేవాడు. పలకలు ఊరికే చల్లారిపోతున్నాయి, మీ ఇద్దరి సరసాలూ తర్వాత చూసుకోండని అక్క కసిరేది. ముగ్గురికీ అప్పుడు వయసుంది, ఆకలుంది. చేతులు బొబ్బలెక్కినా నవ్వే వచ్చేది. ఆ రోజులు మళ్ళీ రమ్మంటే వస్తాయా?

పడవకి మూడో ఏడు నడుస్తుండగా ఒక గాలివానకి అలలు పైనుంచి పడి నిండిపోయి, కట్టిన చోటే మునిగిపోయింది. అప్పుడు క్రేన్లూ గీన్లూ ఎవరికి తెలుసు. నీళ్ళు బాగా తగ్గిన వేళ పడవ కింద తాళ్ళు దూర్చి, ఆ తాళ్ళకి ఖాళీ ఇనప పీపాలు బిగించి కట్టారు. పోటు వచ్చి నీరు పెరిగేకొద్దీ పీపాలు తేలాలి, పీపాలతో పాటు పడవా లేవాలి. సరిగ్గా పన్నెండు పీపాలకి పడవ పువ్వులా లేచింది. దాన్ని అలాగే లాక్కుంటూ తెచ్చి మెరకలో కూర్చోబెట్టారు. ఆ పన్నెండు పీపాల కథ సరంగు ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటాడో లెక్కలేదు. ఎదురుపడిన వాణ్ణల్లా కూర్చోబెట్టి చెప్పేవాడు.

ఈ ఏడు వచ్చిన గాలివాన దానికి తాత. రేవులో సగం పడవల్ని చితక్కొట్టింది. సరంగు పడవ చితకలేదు గానీ, తాడు తెంపుకుని పోయి పెద్ద పడవలు తిరిగే దారిలో మునిగింది. నీళ్ళ మీదికి జెండా కర్ర ఒక్కటే మూరెడు కనిపిస్తోంది. నాలుగో రోజున రేవు ఆఫీసు గుమాస్తా సైకిలేసుకుని వచ్చి కాగితం చేతిలో పెట్టాడు. పదిహేను రోజుల్లో పడవని తీయించాలి, లేదంటే ఆఫీసువాళ్ళే పగలగొట్టి తీసేసి, అయిన ఖర్చు సరంగు దగ్గర వసూలు చేస్తారు.

క్రేను కాంట్రాక్టరుని పిలిపించారు. ఆయన ఒడ్డున నిలబడి ఆ జెండా కర్రని చూసి, ఒక్క నిమిషంలో లక్షా ఎనభై అన్నాడు. పడవ నిక్షేపంగా ఉన్న రోజుల్లోనే ఎనభై వేలకి మించి ఎవడూ ఇవ్వడు. సరంగు తల అడ్డంగా ఊపేసరికి, పోనీ ఒక పని చేద్దామన్నాడు కాంట్రాక్టరు. పైసా ఇవ్వక్కర్లేదు, పడవ తనకి వదిలేస్తే చాలు. ఇంజను తూకానికి, కర్ర పొయ్యికి అమ్ముకుంటాడట. పొయ్యి అన్న మాట విని మేస్త్రి కాంట్రాక్టరుకి వీపు తిప్పేశాడు.

ముప్ఫై మూడేళ్ళుగా ఆ పడవని నా సవతి, నా సవతి అని ఆడిపోసుకున్న అక్క కూడా ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. వదిలేద్దామని ఆవిడే అంది చివరికి. ఎనభై వేల పడవ కోసం లక్షా ఎనభై పెట్టేవాణ్ణి చూసి రేవంతా నవ్వుతుందంది. అంటూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

సరంగు మాత్రం లేచి నిలబడ్డాడు. "లక్షలెందుకే, పీపాలు లేవూ? ఆనాడు పన్నెండు, ఈనాడూ పన్నెండే. ఏం రా మేస్త్రీ?"

మేస్త్రికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "అంతే బావా" అన్నాడు. పన్నెండు చాలవని ఈ భూమ్మీద తెలిసిన మనిషి ఆయన ఒక్కడే.

ఆ సంగతేమిటో ఇక్కడే చెప్పేస్తాను. పద్దెనిమిదేళ్ళ కిందట సరంగుకి పచ్చకామెర్లు ముదిరి రెండు నెలలు ఆసుపత్రిలో పడ్డాడు. అక్క అక్కడే ఉండిపోయింది. పడవ తాళంచెవి మేస్త్రి చేతికొచ్చింది. ఒక పొద్దున వెళ్ళి అడుగుబల్ల ఎత్తి చూస్తే కింద చీలమండ లోతు నీళ్ళు. తోడి పోశాడు. మర్నాడు మళ్ళీ అంతే. వెతగ్గా వెతగ్గా అడుగుదూలం పక్కన, తను మొట్టమొదట బిగించిన పలక వెంబడి తడి కనబడింది. మేస్త్రి బల్ల మూసేసి ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

పద్ధతి ప్రకారం పడవని ఒడ్డుకి లాగి, ఆ పలక ఊడదీసి, సందులో దూదీ తారూ కొత్తగా కూరాలి. కానీ రేవు నడిబొడ్డున అందరూ చూస్తుండగా చుక్క మేస్త్రి కట్టిన పడవ కారిందని దండోరా వేసుకోవడమే కదా అది. ఇంకో వడ్రంగిని పిలిచి ఒకసారి చూడరా అని అడిగితే తల తీసేసినట్టుంటుంది. ఎవరినీ అడగలేదు. ఆరు బస్తాల సిమెంటు, దానికి తగ్గ ఇసకా కంకరా, వేరే పని కోసమని చెప్పి గంపల్లో మోసుకెళ్ళి అడుగునంతా పోసేశాడు. పైన బల్లలు పరిచి మేకులు కొట్టేశాడు. ఆ బరువుకి పడవ నాలుగు వేళ్ళు కిందికి దిగితే, నీటిమట్టానికి గుర్తుగా పక్కన వేసే రంగు గీతని నాలుగు వేళ్ళు పైకి జరిపి వేశాడు. తెలివి ఉండాల్సిన చోట లేదు గానీ లేనిపోని చోట ఎంత ఉందో చూడండి. నీళ్ళు మాత్రం ఆగిపోయాయి.

సరంగు కర్రలా చిక్కిపోయి వచ్చి మళ్ళీ చుక్కాని పట్టాడు. పదకొండు నిమిషాల్లో దాటే రేవు పదిహేను నిమిషాలు పడుతోంది. డీజిలు బాగాలేదన్నాడు. ఇంజను విప్పించాడు. నీళ్ళు తోసే రెక్కలు కొత్తవి వేయించాడు. ఎన్ని చేసినా అదే పదిహేను. రెండేళ్ళు చూసి మిల్లువాళ్ళు తమ పనివాళ్ళని ఒక ఇనప లాంచీకి అప్పగించేశారు. ఆ రోజు సరంగు షెడ్డుకి వచ్చి, పనిబల్ల మీద కూర్చుని, తప్పు ఇంజనుది కాదని, జబ్బు పడ్డాక తన చెయ్యే పోయిందని, నీటి వాటం తనకిక అందడం లేదని మెల్లిగా చెప్పాడు. అప్పుడు చెప్పాల్సింది మేస్త్రి. మింగలేక కక్కలేక చిత్రిక పట్టుకుని పనిలో పడ్డాడు. ఆ తర్వాత సరంగు గాలి ఉన్న రోజున పడవ తీయడం మానేశాడు. ఎదురు నీటికి ఎదురెళ్ళడం మానేశాడు. ఎవరైనా పాత రోజుల గురించి అడిగితే మటుకు ముఖం వెలిగిపోయేది, పన్నెండు పీపాల కథ అందుకునేవాడు.

ఇప్పుడు నిజం చెబితే మేస్త్రి పేరు పోతుంది, దాంతో పాటు బావా దూరమవుతాడు. చెప్పకపోతే పడవ పోతుంది. పేరు కావాలో పడవ కావాలో ఎటూ తేలక, ముసలాయన వారం రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

పున్నమి పోటు మూడు రోజులే బలంగా ఉంటుంది. మొదటి రోజు పొద్దున నీళ్ళు తగ్గగానే ఇద్దరు గజఈతగాళ్ళు దిగి తాళ్ళు దూర్చారు. నూనెల కొట్టు నుంచి అద్దెకి తెచ్చిన పన్నెండు పీపాలూ అటు ఆరు, ఇటు ఆరు బిగించారు. సరంగు నడుం లోతు నీళ్ళలో నిలబడి కుర్రాడిలా కేకలు పెడుతున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి, పెళ్ళికొడుకులా ఉన్నాడు. మేస్త్రి పీపాల వంక చూడలేక తాళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. ఒకవేళ లేస్తుందేమో, సిమెంటు ఎక్కడైనా విరిగి రాలిపోయిందేమో అని పిచ్చి ఆశ.

నీరు పెరిగింది. తాళ్ళు బిగిసి కిర్రుమన్నాయి. పీపాలు పావు మునిగాయి, సగం మునిగాయి, ముప్పావు మునిగాయి. పడవలో ఉలుకూ పలుకూ లేదు. మధ్యాహ్నానికి పన్నెండు పీపాలూ ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళ కిందికి వెళ్ళిపోయాయి. జెండా కర్ర కూడా కనబడలేదు. ఒడ్డున చేరినవాళ్ళు నోళ్ళు నొక్కుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

సరంగు చాలాసేపు నీళ్ళలోనే ఉండిపోయాడు. తర్వాత ఇంటికొచ్చి తడి లుంగీతోనే పీటమీద కూర్చుని, బురద పట్టేసిందన్నాడు. బురద పట్టిన పడవని పీపాలేం చేయలేవు, నూరు కట్టినా అంతే. తన లెక్కే తప్పన్నాడు. ఈ మధ్య తన లెక్కలన్నీ అలాగే ఉన్నాయన్నాడు. సాయంత్రం కాంట్రాక్టరుకి కబురు పెట్టమని అక్కకి చెప్పాడు. ఆ చెప్పడంలో కోపం కూడా లేదు. 

అక్క ఇద్దరికీ అన్నాలు వడ్డించింది. మేస్త్రి ముద్ద కలిపాడు గానీ నోటి దాకా పోలేదు. "ఏం రా, అన్నం ముందు దెయ్యం పట్టినట్టు కూర్చున్నావు, తిను" అంది అక్క.

"బావా, బురద కాదు" అన్నాడు మేస్త్రి.

సరంగు తలెత్తాడు.

"పడవలో ఆరు బస్తాల సిమెంటు ఉంది. ఇసకా కంకరా కలిపి టన్ను దాటుతుంది. నేనే పోశాను."

అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. సరంగు ఒక్కటే మాట అడిగాడు. "ఎప్పుడు?"

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు. నా పలక కారింది. ఎవరికీ తెలియకూడదని పోశాను."

సరంగు విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాడు. లెక్కపెట్టుకుంటున్నాడని మేస్త్రికి తెలుస్తూనే ఉంది. పదిహేను నిమిషాలు, మార్చిన రెక్కలు, మిల్లువాళ్ళు, మానేసిన గాలి రోజులు, అన్నీ ఒక్కొక్కటే లెక్కకి వస్తున్నాయి. కొడతాడనుకున్నాడు మేస్త్రి. కొడితే బాగుండుననుకున్నాడు.

"పద్దెనిమిదేళ్ళు నేను పనికిరాకుండా పోయాననుకున్నాను రా" అన్నాడు సరంగు. "అద్దంలో చూసుకోవాలన్నా సిగ్గేసేది."

సరంగు చెయ్యి కడుక్కుని, కాంట్రాక్టరు ఊసెత్తకుండా, నేరుగా, మొదట్నించీ పడవ ఇంజను చూసే మెకానిక్కు ఇంటికి వెళ్ళాడు. బురద అయితే చేసేదేం లేదు గానీ బరువైతే లెక్కుంది కదా. ఇంజను విప్పి విడిగా తీసేస్తే ఐదు వందల కిలోలు తగ్గుతుంది, ఇంకో నాలుగు పీపాలు కడితే సరిపోతుంది.

మర్నాడు నీళ్ళు తగ్గిన వేళకి మెకానిక్కు పక్కనే ఇంకో పడవలో కూర్చుని పైనుంచి చెబుతుంటే గజఈతగాళ్ళు ఒక్కో బోల్టే విప్పారు. ఇంజను పైకొచ్చేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగు పీపాలు అదనంగా బిగించారు. పోటు వచ్చింది. ఈసారి పీపాలు ముప్పావు దాకా మునిగి ఆగాయి. ముందు జెండా కర్ర, తర్వాత ముక్కు, తర్వాత పాత ఆకుపచ్చ రంగు అంచు, మెల్లిగా, ఒళ్ళు నొప్పులున్న మనిషి మంచం మీంచి లేచినట్టు పడవ లేచింది. అక్క ఒడ్డున నిలబడి బావురుమంది. నా సవతి వచ్చిందని ఏడుస్తూనే నవ్వింది.

మెరకకి లాగుతుంటే పదిహేను మంది పట్టినా కదలదే! ఏమిటీ బరువు, చెక్క పడవా ఇనప పడవా అని అందరూ సరంగుని అడిగారు. ఆయన వినబడనట్టు తాడు చుట్టుకుంటున్నాడు. అది చూశాక మేస్త్రికి ఇక ఉండబట్టలేదు. సిమెంటు పోసింది తనేనని, తన పలకే కారిందని, సరంగు పదిహేను నిమిషాలకి కారణం ఆ బరువేనని, చుట్టూ ఉన్న వాళ్ళందరికీ వినబడేలా చెప్పేశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆ వారంలోనే చిన్న పడవలు కట్టమని చెప్పినవాళ్ళు ఇద్దరు వచ్చి, ఏదో వంక పెట్టి బయానాలు వెనక్కి తీసుకున్నారు.

మొత్తం ఖర్చు నలభై ఒక్క వేలైంది. మేస్త్రి తన మోటారు రంపం అమ్మి ఆ డబ్బు అక్క చేతిలో పోశాడు. సరంగు వద్దనలేదు. మాట్లాడనూ లేదు. తొమ్మిది రోజులు ఆయన ఒడ్డున ఒక చివర పడవతాళ్ళు సరిచేస్తూ కూర్చుంటే, మేస్త్రి ఈ చివర పడవలోకి దిగి ఉలీ సుత్తీ పట్టుకుని సిమెంటు పగలగొడుతూ ఉండేవాడు. అక్క ఇద్దరికీ వేరువేరు గిన్నెల్లో అన్నం తెచ్చి పెట్టి, మీ మౌనవ్రతాలకి నేను చాకిరీ చెయ్యలేనని తిట్టి పోయేది.

పదో రోజు పొద్దున అడుగుదూలం పక్కన పెద్ద పెచ్చు ఒకటి ఊడివచ్చింది. దాని కింద ఆ పలక కనబడింది. మేస్త్రి ముందు చూడలేక కళ్ళు తిప్పుకున్నాడు. తర్వాత తుడిచి చూశాడు. కర్ర ఎర్రగా, గట్టిగా, నిన్న చిత్రిక పట్టినట్టుంది. సందులో కూరిన దూది బిగువు సడలలేదు, దాని మీద తారు ఇంకా మెరుస్తోంది. చాకు మొన గుచ్చితే దిగలేదు. కారిన సందు అలా ఉండదు. దూది నల్లబడి, పీచుపీచయి, చేత్తో లాగితే వచ్చేయాలి. ఇంకో పెచ్చు ఊడగొట్టాడు. ఇంకోటి. పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా అలాగే ఉంది.

వెనక ఇంజను గొట్టం దగ్గర కూర్చుని పని చేసుకుంటున్న మెకానిక్కుని, నీళ్ళు మరి ఎక్కణ్ణించి వచ్చాయయ్యా అని అడిగాడు. మెకానిక్కు తల కూడా ఎత్తకుండా చెప్పాడు. రెక్కల ఇరుసు బయటికి పోయే చోట నీళ్ళు రాకుండా కూరే తాడు ఆ రోజుల్లో కుళ్ళిపోయిందట. నీళ్ళు ధారగా వచ్చి అడుగుదూలం వెంబడి ముందుకి పారేవట. సరంగు ఆసుపత్రిలో ఉండగానే, ఒక రోజు ఇంజను చూడ్డానికి వచ్చినప్పుడు తనే దాన్ని మార్చాడట. మేస్త్రి ఆ రోజు సిమెంటు కోసమో ఇసక కోసమో పోయి ఉంటాడు. ఇంత చిన్న పనికి కబురెందుకని తను ఎవరికీ చెప్పలేదట, సిమెంటు సంగతి విన్నాక కూడా ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ ఒకటేనని తట్టలేదట.

మేస్త్రి సిమెంటు పెచ్చుల మధ్య చతికిలబడిపోయాడు. ఎంతసేపటికో, "బావా" అని పిలిచాడు. రెండోసారి పిలిచాక సరంగు వచ్చి పడవలోకి వంగి చూశాడు. మేస్త్రి మాటల్లో చెప్పలేక చాకు చేతికిచ్చాడు. సరంగు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, పలక సందు వెంబడి ఆ మొన నుంచి ఈ మొన దాకా చాకు గుచ్చుకుంటూ వచ్చాడు. తర్వాత మెకానిక్కు చెప్పింది విన్నాడు.

"ఇది కారలేదు కదరా" అన్నాడు.

"ఎన్నడూ కారలేదు బావా."

మేస్త్రి రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, భుజాలు కుదుపుతూ ఏడ్చాడు. పోయిన పేరు కోసమో, బావ పోగొట్టుకున్న ఏళ్ళ కోసమో ఆయనకే తెలియదు. సరంగు పక్కన కూర్చుని, ఆ ఏడుపు సాగనిచ్చాడు.

"ఇంక చాలు లేరా" అన్నాడు తర్వాత. "మిగతాది కూడా తవ్వెయ్యి. తేలిగ్గా ఉంటే ఇది ఎలా పోయేదో నా చెయ్యి మర్చిపోయింది. ఒక్కసారి పట్టి చూడాలి."

మేస్త్రి ముక్కు తుడుచుకుని ఉలి వెతుక్కునేలోపే, సరంగు పలుగు అందుకుని రెండో వైపు నుంచి తవ్వడం మొదలుపెట్టాడు.